అద్దాలాయన కట్టిన ఇన్సూరెన్స్

మా పెదనాన్న ఫోన్‌కు ఇన్సూరెన్స్ కట్టాడు. ఈ మాట మా వీధిలో ఎవరితో అన్నా ముందు నా మొహంలోకి చూస్తారు, తర్వాత నవ్వుతారు. కట్టించుకున్నది నేనే అయినా, నాకే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఆయన్ని అందరూ అద్దాలాయన అంటారు. కిటికీలకు, బీరువాలకు, షాపుల ముందు భాగాలకు అద్దాలు కోసి బిగిస్తాడు. కొట్టు చిన్నది. గోడకు ఆనించిన చెక్క స్టాండులో నిలువుగా పేర్చిన అద్దాలు, మధ్యలో మందపాటి గుడ్డ పరిచిన పొడుగు బల్ల, మూలన పనికిరాని ముక్కలు వేసే రేకు డ్రమ్ము. అంతే. బడి అయ్యాక నేనూ అక్కా ఆ బల్ల కింద కూర్చునే హోంవర్కు చేసుకున్నాం. అక్కంటే ఆయన కూతురు. ఇప్పుడు ఆయనతో సమానంగా అద్దం మోస్తుంది, ఆయన కంటే గట్టిగా బేరమాడుతుంది.

అన్నేళ్లలో ఆయన చేతిలోంచి అద్దం జారగా చూసినవాళ్లు లేరు. ఇంకొకరైతే ఈ మాట పెళ్లాం చేత చెప్పించుకుంటారేమో, మా పెదనాన్న స్వయంగా చెప్పుకుంటాడు. అడిగినా చెప్తాడు, అడగకపోయినా చెప్తాడు. అయితే ఆ గొప్పలు చెప్పే మనిషే మా ఇద్దరికీ నేర్పిన మొదటి పాఠం జారడం గురించే.

"జారే అద్దాన్ని పట్టుకోకూడదు. జారిందా, వదిలెయ్. రెండు చేతులూ పైకెత్తి ఒక్కడుగు వెనక్కెయ్. అద్దం మళ్లీ కొనుక్కోవచ్చు, చెయ్యి కొనుక్కోలేం."

స్టీలు పళ్లెంతో మా చేత సాధన చేయించేవాడు. పళ్లెం వదిలేవాడు, మేం చేతులెత్తి వెనక్కి గెంతేవాళ్లం. అది మా ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, ఇప్పటికీ వంటింట్లో గ్లాసు జారితే మా వాళ్లంతా దొంగలు పడ్డ ఇంట్లోలాగా చేతులెత్తి నిలబడతారు. పెద్దమ్మ నెత్తి కొట్టుకుంటుంది. "ఒక్కరైనా పట్టుకోరేమర్రా! అది స్టీలు గ్లాసు!"

ఇక నా సంగతి. అదే వీధి చివర ఫోన్ల షాపులో కౌంటర్ నాది. ఫోన్లు వాటంతట అవే అమ్ముడుపోతాయి, వాటి గురించి నన్నెవరూ అడగరు. మా ఓనరు అడిగేదల్లా ఒక్కటే: ఇవాళ ఎన్ని ఇన్సూరెన్సులు రాయించావు? అందుకని వచ్చినవాళ్లందరికీ అదే పాట పాడతాను. నిజం చెప్పమంటే, చాలామందికి అది దండగే. చెయ్యి నిలకడగా ఉండి, ఎప్పుడైనా పగిలితే సొంత డబ్బుతో బాగు చేయించుకోగలిగితే కట్టక్కర్లేదు. చేజార్చుకునే అలవాటున్నవాళ్లకే అది గిట్టుబాటు. ఈ నిజం కౌంటర్ ఇవతల చెప్పకూడదు కాబట్టి చెప్పను.

పెదనాన్న కొత్త ఫోన్ కొన్నది నా దగ్గరే. ఇప్పుడు జనం కిటికీ ఫొటో పంపి ధర చెప్పమంటున్నారని, పెద్ద స్క్రీనున్నది, ఖరీదైనది తీసుకున్నాడు. పాట మొదలుపెట్టాను.

"పెదనాన్నా, ఫోన్ ధరలో పదో వంతు కడితే చాలు. ఏడాదిలోపు పడినా పగిలినా మేమే బాగు చేయిస్తాం."

"పగలకపోతే?"

"పగలకపోతే మంచిదేగా."

"మంచిదే. నా డబ్బు వెనక్కిస్తారా?"

"ఇవ్వరు."

"అంటే, జాగ్రత్తగా ఉన్నందుకు నాకు జరిమానా, పారేసుకున్నందుకు పక్కోడికి బహుమానం! బాగుందే తల్లీ నీ న్యాయం." అని షాపంతా వినేట్టు చేతులు రెండూ చాచాడు. "ఇదిగో, ఇవీ నా ఇన్సూరెన్సు. అద్దాలే జారలేదు, అరచేతిలో పట్టే ఈ బిళ్ల జారుతుందా? చెప్పేవాడికి వినేవాడు లోకువని, నాకే చెప్తున్నావా?"

అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, రాయించుకుందామనుకుని వెనకాల నిలబడ్డ ఇద్దరూ మాకూ వద్దన్నారు. ఓనరు నా వంక చూసిన చూపుకు పచ్చగడ్డి భగ్గుమనేది. ఆ పూట పెదనాన్న మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని సణుక్కుంటూ ఇంటికెళ్లాను.

ఫోన్ కొన్న నెలలోపు ఎప్పుడైనా ప్లాను తీసుకోవచ్చు. ఆ గడువు ఇక రేపో మాపో తీరిపోతుందనగా, షాపు ఖాళీగా ఉన్న వేళ చూసి పెదనాన్న లోపలికొచ్చాడు. కౌంటర్ మీదికి వంగి మెల్లిగా అన్నాడు.

"ఆ ప్లానేదో రాసెయ్."

"ఏ ప్లాను?"

"అదే. పడితే ఇస్తారే, అది."

నేను నవ్వాను. ఏడిపించడానికొచ్చాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. జేబులోంచి డబ్బు తీసి కౌంటర్ మీద పెట్టాడు.

సూర్యుడు పడమట పొడిచినా ఇంత ఆశ్చర్యపోయేదాన్ని కాదు. ప్లాను అమ్మినందుకు సంతోషించాలో, ఆయనకు ఒంట్లో బాలేదేమోనని భయపడాలో తెలియలేదు.

ఆలస్యంగా వచ్చి ప్లాను అడిగేవాళ్లను మేం నమ్మం. తొంభై పాళ్లు అప్పటికే పగలగొట్టుకుని ఉంటారు. అందుకే రాసేముందు ఫోన్ పరీక్ష చేయాలని రూలు. ఆయన ఫోన్ తీసుకుని లైటు కింద తిప్పి చూశాను. గీత కూడా లేదు. మొన్న డబ్బాలోంచి తీసినట్టే ఉంది.

"బాగానే ఉందిగా! మరెందుకు?"

"రాయమన్నప్పుడు రాయాలి. అమ్ముకునేదానివి అన్ని ప్రశ్నలు వేస్తావేంటి? మీ అక్కకు చెప్పకు."

ఫోన్ తిరిగిచ్చాను. దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. పసిబిడ్డను తీసుకున్నట్టు కింద ఒక చెయ్యి, పైన ఒక చెయ్యి. ఎడమ చేత్తోనే జేబులో పెట్టుకున్నాడు. పెదనాన్నది కుడిచేతి వాటం.

ఆయన వెళ్లాక నేను స్టూలు మీద కూలబడ్డాను. నా వృత్తిలో నాకు బాగా తెలిసింది ఒక్కటే. ఎవరూ బతిమాలకుండా తనంతట తాను ఇన్సూరెన్స్ అడిగే మనిషి అప్పటికే ఏదో ఒకటి జార్చుకుని ఉంటాడు. ఫోన్ జారలేదు, కళ్లారా చూశాను. మరి ఏం జారింది?

మధ్యాహ్నం టీ వంక పెట్టుకుని కొట్టుకు వెళ్లాను. పెదనాన్న ఒక్కడే ఉన్నాడు. అక్క ఎవరింటికో కొలతలకు వెళ్లిందట. నేను తిన్నగా మూలనున్న డ్రమ్ము దగ్గరికెళ్లి తొంగి చూశాను. కోసిన అద్దం ముక్కల అంచులు తిన్నగా ఉంటాయి. పడి పగిలినవి వంకరగా, కత్తి మొనల్లా ఉంటాయి. ఆ బల్ల కింద పెరిగినవాళ్లకు ఆ మాత్రం తెలుసు. పైన కప్పిన అట్టముక్క పక్కకు తీశాను.

కింద అన్నీ వంకర ముక్కలే. వెనకాల వెండి పూత కూడా ఉంది. నిలువుటద్దం, ఒకటి కాదు.

ఆ కొట్టులో పడి పగిలిన అద్దం చూడటం నా జన్మలో అదే మొదటిసారి.

"పెదనాన్నా, ఏంటిది?"

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. అదీ రెండు చేతులతోనే. అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం చూశాడు గానీ, అలవాటు లేని పని కదా, చేతకాలేదు.

"ఈ రెండు వేళ్లూ, బొటనవేలూ తిమ్మిరెక్కుతున్నాయే. ఎప్పుడూ కాదు. బాగానే ఉంటాయి, ఉన్నట్టుండి మొద్దుబారిపోతాయి. పట్టుకున్నానో లేదో నాకే తెలియట్లేదు. చప్పుడైతే తెలుస్తోంది."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించా. నరం నలిగిపోయిందట. ఇన్నేళ్లు కోశావు, మోశావు, ఇక చాలన్నాడు."

"పెద్దమ్మకు తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు.

"అక్కకు?"

దానికి ఆ మాత్రం కూడా ఊపలేదు. నేను స్టాండు వైపు తిరిగాను. దాచిన కారణం అందులోనే ఉంది. మెయిన్ రోడ్డు మీద కొత్తగా తెరవబోతున్న బట్టల షాపు ముందుభాగానికి కోసిన అద్దం. మనిషి చెయ్యెత్తినా పై అంచు అందదు, ఆ చివరి నుంచి ఈ చివరికి మంచమంత వెడల్పు. ఆ వారమే బిగించాలి. ఒకవైపు ఆయన, ఇంకోవైపు అక్క. అంతటి అద్దం ఒకవైపు జారితే రెండోవైపు మనిషికి వెనక్కి అడుగేసే తీరిక ఉండదు.

"అది నువ్వు ఎత్తుతావా?" అని ఆ అద్దం చూపించాను. "ఆ చేత్తో? ఎదురుగా అక్కను పెట్టుకుని?"

"అరవకు. ఆ ఒక్కటీ పెట్టేస్తాను. తర్వాత నేనే చెప్తా, నేనే మానేస్తా. ఆ షాపాయన నా చేతి పని అని అడిగి మరీ ఇచ్చాడే. కొట్టుకి పేరు నా చేతి వల్లే వచ్చింది. అద్దాలాయన చెయ్యి పడిపోయిందని వీధిలో మాట పుడితే, రేపు మీ అక్కకు పనెవరిస్తారు?"

"పేరు కోసం ప్రాణం మీదికి తెస్తావా?"

ఆయనకు కోపం రాలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, దానివంక చూస్తూ అడిగాడు.

"నీ ప్లాను పడ్డాక డబ్బిస్తుంది. పడకుండా ఉండేందుకు ఏమైనా ఇస్తుందా?"

అలాంటి ప్లాను ఏ షాపులోనూ లేదు.

"అక్కకు నువ్వు చెప్తావా, నేను చెప్పనా?" అన్నాను.

"నేనే చెప్తా. అద్దం ఎత్తేలోపు చెప్తా. మాటిస్తున్నా."

పెదనాన్న మాటిస్తే తప్పడు. అందుకని ఊరుకున్నాను. మింగలేక కక్కలేక ఆ వారమంతా గడిపాను. అక్క రోజూ మా షాపు ముందునుంచే వెళ్తూ చెయ్యూపేది, పెద్ద పని దొరికిన సంబరంలో ఉంది. ఆ మొహం చూస్తేనే తెలిసిపోయేది, ఆయనింకా నోరు విప్పలేదని.

అద్దం బిగించే రోజు పొద్దున్నే షాపు తాళాలు తీయకుండానే మెయిన్ రోడ్డుకు పరుగెత్తాను. నేను వెళ్లేసరికి బండివాళ్లు అద్దాన్ని దించి, బట్టల షాపు ముందు చెక్క దిమ్మెల మీద ఒరగబెట్టి వెళ్లిపోయారు. అద్దానికి అతుక్కునే రబ్బరు పిడులు రెండువైపులా బిగించేశారు. అక్క తోలు గ్లవుజులు వేసుకుని ఒకవైపు నిలబడింది. రెండోవైపు పెదనాన్న. చూడటానికి చుట్టూ జనం. నేను రోడ్డుకు ఇవతల ఉన్నాను, మధ్యలో బస్సులు. అరిచినా వినపడదు. ఫోన్ చేశాను.

ఆయన ఆగి, గ్లవుజు తీసి, జేబులోంచి ఫోన్ తీశాడు. కుడిచేత్తో తీశాడు. దాన్ని చూశాడు. తలెత్తి రోడ్డుకు ఇవతలనున్న నన్ను చూశాడు. అక్కను చూశాడు.

ఫోన్ చేతిలోంచి జారింది.

ఇంకెవరైనా అయితే వంగి పట్టుకోబోతారు, కనీసం కాలైనా అడ్డం పెడతారు. పెదనాన్న రెండు చేతులూ పైకెత్తి, ఒక్కడుగు వెనక్కి వేశాడు. ఫోన్ మెట్టు రాయి మీద మూలగా పడింది.

ఆ చప్పుడు నాకు వినపడలేదు గానీ, జనం నోరెళ్లబెట్టడం కనపడింది. అద్దాలాయన చేతిలోంచి వస్తువు జారింది! వీధిలో సగంమంది అక్కడే ఉన్నారు. నేనైతే చేసిన పనికి నా ఫోన్‌ను చెవి దగ్గరనుంచి తీయడం కూడా మర్చిపోయాను. ఆయన పరువు నడిరోడ్డు మీద తీసింది నేనే అనిపించింది.

రోడ్డు దాటి నేను చేరుకునేసరికి అక్క కదల్లేదు. పగిలిన ఫోన్‌ను చూడట్లేదు. ఇంకా గాల్లోనే ఉన్న ఆయన చేతుల్ని చూస్తోంది. చిన్నప్పుడు పళ్లెంతో నేర్చుకున్న ఆ అడుగు దానికి తెలియదా!

"నాన్నా, ఎప్పట్నుంచి?" అంది.

ఆయన చేతులు దించాడు. అక్క గ్లవుజులు విప్పి నడుముకు దోపుకుంది. అద్దానికి తాడు కట్టించి, పక్క బజారు అద్దాల కొట్టుకు ఫోన్ చేసి ఇద్దరు మనుషుల్ని పిలిపించింది. బట్టల షాపాయన ముహూర్తం మించిపోతున్నట్టు గింజుకున్నాడు. "మంచి అద్దం కావాలంటే మధ్యాహ్నం దాకా ఆగండి. పగిలిన అద్దం కావాలంటే ఇప్పుడే పెడతా" అంది అక్క. నోరు మూసుకున్నాడు. మధ్యాహ్నానికి అద్దం బిగిసింది. పెదనాన్న ఎదురుగా కుర్చీలో కూర్చుని "కుడివైపు వెంట్రుకవాసి పైకి" అని చెప్తూ ఉన్నాడు. ఆయన చెప్పిందే సరిపోయింది.

మర్నాడు పగిలిన ఫోన్ తీసుకుని నా కౌంటర్‌కు వచ్చాడు. మా ఓనరు ఎదురెళ్లి కుర్చీ వేశాడు. వేయడూ మరి! "అద్దాలాయన ఫోనే పగిలింది, మనమెంత" అనుకుంటూ పొద్దున్నుంచి జనం వరసకట్టి ఇన్సూరెన్సులు రాయించుకుంటున్నారు. ఆయన క్లెయిము ముందు చూడమని నాకు హుకుం జారీ చేసి, లోపలికెళ్లాడు.

పెదనాన్న వంక చూడటానికి నాకు మొహం చెల్లలేదు. "సారీ పెదనాన్నా, నేను ఫోన్ చెయ్యకుండా ఉండాల్సింది" అంటూ స్క్రీన్ మీద క్లెయిము తెరిచాను. అన్నీ నింపాను. ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది.

"ఎలా పడిందో చెప్పాలి. చెయ్యి తిమ్మిరెక్కి పొరపాటున జారిందని రాసేస్తా. సరేనా?"

"పడలేదే."

"అంటే?"

"వదిలేశాను."

కీబోర్డు మీద నా వేళ్లు అలాగే ఉండిపోయాయి.

"ఆ పూట వేళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నాడాయన. "నీ ఫోన్ వచ్చినప్పుడు తీసి చూశానుగా, గట్టిగానే పట్టుకున్నా. బాగున్నాయి, ఎత్తేద్దాం అనిపించింది. అలా అనిపించినందుకే భయమేసింది. పది అడుగులయ్యాక బాగుంటాయో లేదో నాకేం తెలుసు? ఎత్తేలోపు చెప్తానని నీకు మాటిచ్చా. చెబుదామంటే నోరు రాలేదు. ఇన్నేళ్లు గొప్పలు చెప్పిన నోరు కదా. అందుకని ఆ ఫోన్ చేత చెప్పించా."

నిన్న వీధి వీధంతా నివ్వెరపోయింది ఒకెత్తు, ఇప్పుడు నేను ఒక్కదాన్నే నివ్వెరపోయింది ఒకెత్తు. కాసేపటికి నాలోని కౌంటర్ మనిషి తేరుకుంది.

"పెదనాన్నా, కావాలని పడేస్తే పైసా ఇవ్వరు! ఆ మాట ఇక్కడ అనకూడదు. పొరపాటున జారిందని రాస్తా, ఎవరికి తెలుస్తుంది?"

"నా చెయ్యి జారిందని అందరికీ చెప్పా, అది నిజం. అద్దాలు జారాయి. ఫోన్ మాత్రం జారలేదు. లేని జారుడుకి డబ్బు తీసుకోను. కొట్టెయ్ అది."

"అయితే కట్టిన డబ్బంతా దండగేగా! నువ్వు మొదట అన్నదే రైటు. ఎందుకు కట్టినట్టు?"

ఆయన పగిలిన ఫోన్‌ను ఎడమ చేత్తో తీసి జేబులో వేసుకున్నాడు.

"దండగెందుకవుతుంది? ప్లాను లేకపోతే అంత ఖరీదైనదాన్ని వదలడానికి నాకు చెయ్యి ఆడేదా? పోతే పోయింది, ఇస్తారులే అనుకున్నా, వదిలేశా. ఇవ్వరని తర్వాత గుర్తొచ్చింది." లేచి నిలబడ్డాడు. "నిన్న సాయంత్రం మీ అక్క రెండు కాళ్ల మీద నడుచుకుంటూ ఇంటికొచ్చింది. కట్టిన డబ్బుకు అంతకన్నా ఏం కావాలే?"

కౌంటర్ ముందు వరసలో నిలబడ్డవాళ్లు తొందరపెడుతున్నారు. నేను క్లెయిము కొట్టేశాను. మొదట నిలబడ్డామె తన కొత్త ఫోన్ చూపించి, ఇన్సూరెన్స్ కడితే లాభమేనా అమ్మాయ్ అని అడిగింది. ఎప్పుడూ పాడే పాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. వీధిలో దూరంగా వెళ్తున్న పెదనాన్నను చూస్తూ, ఒక్క నిమిషం ఆగండి, ముందు మీకు చేజార్చుకునే అలవాటుందో లేదో చెప్పండి అన్నాను.